హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు: చివరి నుంచి మొదలుపెట్టాల్సిన పని

అమెరికాలో హైస్కూలు చదువుతున్న పిల్లలున్న తెలుగువారి ఇళ్లలో, వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే ఫారం బడి నుంచి రాగానే ఏటా ఒకే చర్చ మొదలవుతుంది. ఏపీలు (కాలేజీ స్థాయిలో సాగే హైస్కూలు కోర్సులు) ఎన్ని తీసుకోవాలి, ఫలానావారి అబ్బాయి పదకొండో తరగతిలోనే ఆరు తీసుకున్నాడట, మనవాడు మూడుతో ఆగితే వెనకబడిపోడా అన్న మాటలే ఎక్కువగా వినబడతాయి. ఆ కోర్సు పూర్తయ్యాక చేతికి వచ్చేదేమిటి, దాన్ని ఏ కాలేజీ ఏ రూపంలో తీసుకుంటుంది అని అడిగేవారు తక్కువ. మా ఇద్దరు పిల్లల చదువును దగ్గరుండి చూశాక నాకు గట్టిగా తెలిసివచ్చింది ఒకటుంది: కోర్సు నేర్పేది బడి, పరీక్ష పెట్టేది మరో సంస్థ, కానీ క్రెడిట్ ఇవ్వాలా వద్దా, అంటే ఆ చదువును తన డిగ్రీలో లెక్కించుకోవాలా వద్దా అని తేల్చేది మాత్రం రేపు పిల్లలు చేరబోయే కాలేజీ. అందువల్ల ఈ పనిని ఆ కాలేజీ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

ముందున్న దారులు

అందరూ ఎరిగిన దారి ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఎస్ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్షను నిర్వహించే కాలేజ్ బోర్డే 1955 నుంచి దీన్నీ నడుపుతోంది. దాదాపు 40 సబ్జెక్టులున్నాయి. ఏడాదంతా బడిలో కోర్సు సాగుతుంది, మే నెలలో రెండు వారాల పాటు దేశమంతటా పరీక్షలు జరుగుతాయి, ఒక్కో పరీక్షకు 1 నుంచి 5 వరకు స్కోరు వస్తుంది. బడి తన కోర్సుకు ఏపీ అన్న పేరు పెట్టుకోవాలంటే దాని సిలబస్‌కు కాలేజ్ బోర్డు ఆమోదం ఉండాలి. కానీ పరీక్ష రాయడానికి ఆ కోర్సు చదివి ఉండాలన్న నిబంధన లేదు. సొంతంగా చదువుకుని కూడా పరీక్ష రాయవచ్చు.

రెండోది డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్. హైస్కూలు విద్యార్థి నిజమైన కాలేజీ కోర్సులోనే చేరడం అన్నమాట. అది దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక ప్రభుత్వ కాలేజీ) తరగతి గదిలో కావచ్చు, ఆన్‌లైన్‌లో కావచ్చు, కాలేజీ అనుమతి పొందిన ఉపాధ్యాయుడు హైస్కూల్లోనే చెప్పే తరగతి కావచ్చు. ఇక్కడ మే నెలలో ఒక్క పూట పరీక్ష అంటూ ఉండదు. సెమిస్టరంతా రాసిన అసైన్‌మెంట్లు, మిడ్‌టర్మ్‌లు, ఫైనల్ కలిసి గ్రేడు అవుతాయి. మిన్నెసోటా 1985లోనే దీనికి చట్టం చేసింది. వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్ అనీ, ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్ అనీ పేర్లు వేరుగా ఉన్నా ఏర్పాటు ఇదే.

ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమా మూడో దారి. రెండేళ్ల పాటు ఆరు సబ్జెక్టులు, 4,000 పదాల పరిశోధన వ్యాసం, జ్ఞానసిద్ధాంతం అనే కోర్సు, సేవా కార్యక్రమాలు అన్నీ కలిసి ఒక మూటగా వస్తాయి. ఒక్కో సబ్జెక్టుకు స్కోరు 1 నుంచి 7 వరకు ఉంటుంది. కాలేజీలు ఎక్కువగా హయ్యర్ లెవెల్ (మరింత లోతుగా చదివే) సబ్జెక్టులకే క్రెడిట్ ఇస్తాయి. బడిలో ఆ కార్యక్రమం ఉంటేనే ఈ దారి తెరుచుకుంటుంది కాబట్టి చాలామందికి ఇది ఎంపిక దాకా రాదు.

నాలుగోది క్లెప్. ఇదీ కాలేజ్ బోర్డుదే. కోర్సు ఉండదు, ఏడాదిలో ఎప్పుడైనా పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయవచ్చు. స్కోరు 20 నుంచి 80 వరకు, 50 వస్తే సాధారణంగా క్రెడిట్‌కు అర్హత. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు చెప్పి, పూర్తిచేసినవారికి పరీక్ష ఫీజు వోచర్ కూడా ఇస్తుంది. ప్రవేశానికి గట్టి పోటీ ఉండే ప్రైవేటు కాలేజీలు దీన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోవు గానీ, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరాలని ముందే నిశ్చయించుకున్నవారికి డబ్బు, కాలం రెండూ కలిసొచ్చే దారి ఇది.

కాలేజీ పట్టికను చదవడం

తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఏ కాలేజీలో చేరతాడో ఎలా తెలుస్తుంది అని అడగవచ్చు. ఒక్క కాలేజీ తెలియనక్కర్లేదు. మీ రాష్ట్రంలోని ప్రధాన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రెండు, పిల్లవాడు ఆశపడే ప్రైవేటు కాలేజీలు రెండు, మొత్తం నాలుగు ఎంచుకుని, వాటి ఏపీ క్రెడిట్ పట్టికలను ఒక సాయంత్రం పిల్లవాడితో కలిసి కూర్చుని చూస్తే చాలు. ఏ కోచింగూ నేర్పని విషయాలు ఆ ఒక్క సాయంత్రంలో తెలుస్తాయి.

ఆ పట్టికలో సాధారణంగా నాలుగు గడులుంటాయి: పరీక్ష పేరు, కావలసిన కనీస స్కోరు, ఇచ్చే క్రెడిట్ల సంఖ్య, ఆ క్రెడిట్ ఏ కోర్సుకు బదులు వస్తుంది అన్నది. మన చూపు మూడో గడి మీద పడుతుంది, పడాల్సింది నాలుగో గడి మీద. అక్కడ ఒక నిర్దిష్ట కోర్సు సంఖ్య ఉంటే, పిల్లవాడు ఆ కోర్సు తీసుకోనక్కర్లేదు. ఎలెక్టివ్ (ఐచ్ఛికం) అనో, జనరల్ క్రెడిట్ అనో మాత్రమే ఉంటే, అది డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్ల మొత్తంలో చేరుతుందే తప్ప మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) అవసరమైన ఏ ఒక్క కోర్సునూ తప్పించదు. ఇంజినీరింగులో ఎలెక్టివ్‌లకు చోటు తక్కువ కాబట్టి, అలాంటి క్రెడిట్లు 20 ఉన్నా డిగ్రీ ఒక్క సెమిస్టరు కూడా ముందుకు జరగకపోవచ్చు.

ఫిజిక్స్ వరుసనే తీసుకోండి. ఏపీలో ఫిజిక్స్ 1, ఫిజిక్స్ 2, ఫిజిక్స్ సి మెకానిక్స్, ఫిజిక్స్ సి విద్యుదయస్కాంతత్వం అని నాలుగు పరీక్షలున్నాయి. మొదటి రెండూ ఆల్జీబ్రా ఆధారంగా సాగుతాయి, సి పరీక్షలు రెండూ కాలిక్యులస్ ఆధారంగా సాగుతాయి. ఇంజినీరింగు డిగ్రీకి కావలసింది కాలిక్యులస్ మీద నడిచే ఫిజిక్స్ కాబట్టి, ఫిజిక్స్ 1లో 5 తెచ్చుకున్నా ఇంజినీరింగు విద్యార్థికి ఆ కోర్సు సాధారణంగా తప్పదు. పేరు ఒకటే కదా అని ఒకదానికి బదులు మరొకటి తీసుకున్న పిల్లలను చూశాను. వారికి పాఠం వృథా పోలేదు, పునాది పడింది. కాని క్రెడిట్ వస్తుందనుకున్న ఆశ నెరవేరలేదు. కాలిక్యులస్‌లోనూ ఇంతే: దానికున్న రెండు ఏపీ పరీక్షల్లో ఏబీ సాధారణంగా మొదటి సెమిస్టరుకు, బీసీ రెండు సెమిస్టర్లకు సరిపోతుంది. బీసీ రాసినవారికి ఏబీ భాగానికి విడిగా ఒక ఉపస్కోరు కూడా వస్తుంది.

కాలేజీకీ కాలేజీకీ తేడా ఎంతో ఈ పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఇల్లినాయ్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో 3 వచ్చినా ప్రభుత్వ కాలేజీలు క్రెడిట్ ఇవ్వాలన్న నియమం ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 3 నుంచే యూనిట్లు ఇస్తుంది, అయితే అవి ఏ కోర్సుకు బదులవుతాయో ఒక్కో క్యాంపస్, ఒక్కో విభాగం విడిగా నిర్ణయించుకుంటుంది. ఎంఐటీ కాలిక్యులస్ బీసీలో 5 వస్తే మొదటి కాలిక్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. కాల్‌టెక్ ఏపీలకు క్రెడిట్ ఇవ్వదు. డార్ట్‌మత్ 2018లో పట్టభద్రులయ్యే తరగతి నుంచి డిగ్రీ వైపు ఏపీ క్రెడిట్లు ఇవ్వడం ఆపివేసి, పై కోర్సులో కూర్చునే వీలు మాత్రం ఉంచింది. ఇలా పై కోర్సులోకి నేరుగా పంపడాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. దానివల్ల ఫీజు తగ్గదు, డిగ్రీ త్వరగా పూర్తికాదు. తెలిసిన పాఠం మళ్లీ వినే అవస్థ మాత్రం తప్పుతుంది.

ఇక్కడే మరో సంగతి వేరుచేసి చూడాలి. క్రెడిట్ రాకపోయినా ఏపీ కోర్సు ప్రవేశానికి పనికొస్తుంది, ఎందుకంటే బడిలో దొరికే కష్టమైన కోర్సులను విద్యార్థి తీసుకున్నాడా లేదా అన్నది అడ్మిషన్ అధికారులు చూస్తారు. కాబట్టి ఒక్కో కోర్సు ఎదుట ఇది ప్రవేశం కోసమా, క్రెడిట్ కోసమా, ఆసక్తి కోసమా అని ఒక మాట రాసుకోండి. మూడింట్లో ఏదీ రాయలేని కోర్సు ఆ జాబితాలో ఉండనక్కర్లేదు.

ఏపీ ఏడాది ఎలా నడుస్తుంది

ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఉపాధ్యాయుడు ఒక జాయిన్ కోడ్ ఇస్తాడు. మై ఏపీ అన్న ఖాతాలో అది నమోదు చేస్తేనే ఏపీ క్లాస్‌రూమ్‌లోని వీడియో పాఠాలు, అభ్యాస ప్రశ్నలు తెరుచుకుంటాయి. పరీక్షకు పేరు ఇవ్వాల్సింది మేలో కాదు, అంతకు ముందరి నవంబరు మధ్యలోగా. మీ బడి అంతకంటే ముందే గడువు పెట్టవచ్చు. గడువు దాటితే ఆలస్య రుసుము పడుతుంది, పేరిచ్చి రాయకపోయినా రుసుము పడుతుంది. అమెరికాలో 2025 పరీక్షలకు ఫీజు ఒక్కోదానికి 99 డాలర్లు. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు తగ్గింపు ఉంది, కొన్ని రాష్ట్రాలు, స్కూలు డిస్ట్రిక్టులు మొత్తం ఫీజును తామే భరిస్తాయి. బడి కౌన్సెలర్‌ను అడగకుండా కట్టవద్దు.

సొంతంగా చదివి రాయదలచినవారు, ఇంటి దగ్గరే చదువుకునేవారు, పరీక్ష పెట్టే బడిని ముందుగా వెతుక్కోవాలి. తమ బడిలో ఆ సబ్జెక్టు లేకపోతే చుట్టుపక్కల బడుల్లోని ఏపీ కోఆర్డినేటర్లకు సెప్టెంబరులోనే ఫోన్ చేయాలి. బయటివారిని కూర్చోబెట్టాలన్న నిర్బంధం బడులకు లేదు, అందువల్ల రెండుమూడు చోట్ల కాదనిపించుకోవడానికి సిద్ధపడి ఉండాలి. పరీక్షలో అదనపు సమయం వంటి సదుపాయాలు కావలసిన పిల్లలకు కాలేజ్ బోర్డు అనుమతి విడిగా తెచ్చుకోవాలి. దానికి గడువు జనవరిలోనే ముగుస్తుంది, పత్రాలు సేకరించడానికి వారాలు పడుతుంది.

2025 మే నుంచి చాలా పరీక్షలు బ్లూబుక్ అన్న యాప్‌లోకి మారాయి. చరిత్ర, ఇంగ్లిషు వంటివి పూర్తిగా తెర మీదే రాయాలి. కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ వంటి వాటిలో బహుళైచ్ఛిక ప్రశ్నలు తెర మీద, ఫ్రీ రెస్పాన్స్ (వివరంగా రాసే) సమాధానాలు చేత్తో కాగితం మీద. కాబట్టి యాప్‌లో కనీసం ఒక్క నమూనా పరీక్షయినా ముందుగా రాసి చూసుకోవాలి. పరీక్షలు ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు మొదలవుతాయి. ఒకే రోజు రెండూ పడ్డ పిల్లలకు మధ్యలో తినడానికి కూడా వ్యవధి ఉండదు. కోర్సులు ఎంచుకునేటప్పుడే మే నెల పరీక్షల పట్టిక చూసుకోవడం అందుకే.

చదవడం గురించి ఒక్క మాటే నొక్కి చెబుతాను: పాత ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలను, వాటి పక్కనే ఉండే మార్కుల సూచికలను చదవండి. కాలేజ్ బోర్డు తన ఏపీ సెంట్రల్ సైటులో వాటిని ఏళ్లవారీగా ఉచితంగా పెడుతుంది, విద్యార్థులు రాసిన నమూనా జవాబులూ ఉంటాయి. మా అమ్మాయి కాలిక్యులస్‌కు నెలల తరబడి లెక్కలు చేసింది, జవాబులన్నీ సరిగ్గా వచ్చేవి. ఒకరోజు సూచిక పక్కన పెట్టుకుని దిద్దుకుంటే మూడు ప్రశ్నల్లో నాలుగు మార్కులు పోయాయి. ఒకచోట ఎక్స్ విలువ 3 దగ్గర ప్రమేయానికి గరిష్ఠం ఉందని రాసి, కారణంగా గ్రాఫు పైకి వెళ్లి కిందికి దిగుతోందని రాసింది. అక్కడ రాయాల్సింది అవకలజం ధనాత్మకం నుంచి రుణాత్మకానికి మారుతోందని. మరోచోట మధ్యమ మూల్య సిద్ధాంతం వాడింది గానీ, ప్రమేయం అవిచ్ఛిన్నమనీ, అవకలనీయమనీ ముందుగా చెప్పలేదు. తెలిసిన విషయమే, కాగితం మీద లేదు. ఆ రోజు నుంచి రోజుకు ఒక్క ప్రశ్న మాత్రమే చేసి, సూచికతో దిద్దుకుని, పోయిన మార్కుకు కారణం పక్కన రాసుకునేది. అమెరికా చరిత్ర పరీక్షలోని పత్రాల ఆధారిత వ్యాసం కూడా ఇలాంటిదే: 7 పత్రాలు, 7 మార్కులు, ఒక్కో మార్కు దేనికిస్తారో ముందే అచ్చువేసి ఉంటుంది. వ్యాసం ఎంత అందంగా ఉన్నా, పత్రాలకు బయటి ఆధారం ఒక్కటీ లేకపోతే దానికి కేటాయించిన మార్కు రాదు.

తప్పు జవాబుకు మార్కు తగ్గించే పద్ధతిని 2011లోనే ఎత్తివేశారు కాబట్టి బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఏదీ ఖాళీగా వదలకూడదు. 5 రావాలంటే నూటికి తొంభై తెచ్చుకోవాలన్న భయం కూడా అక్కర్లేదు. కాలేజ్ బోర్డు గతంలో విడుదల చేసిన కాలిక్యులస్ బీసీ పరీక్షల్లో, మొత్తంలో మూడింట రెండు వంతులకు చేరువగా వచ్చినా 5 వచ్చింది.

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్: ఇక్కడ నిదానం అవసరం

తల్లిదండ్రులు తేలికగా తీసుకునేదీ, తర్వాత ఎక్కువ బాధపడేదీ ఈ దారిలోనే కాబట్టి కాస్త విస్తరించి రాస్తున్నాను.

ఏపీకి, దీనికి అసలు తేడా కష్టంలో లేదు, మిగిలే గుర్తులో ఉంది. ఏపీ స్కోరు తక్కువ వస్తే చాలా కాలేజీల దరఖాస్తులో దాన్ని రాయకుండా ఉండవచ్చు. కావాలంటే కాలేజ్ బోర్డుకు చెప్పి ఆ స్కోరును పూర్తిగా రద్దు చేయించుకోవచ్చు. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ గ్రేడు అలా కాదు. అది ఆ కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో (అధికారిక గ్రేడ్ల పత్రంలో) శాశ్వతంగా ఉంటుంది. పదహారేళ్ల వయసులో వచ్చిన సి గ్రేడును ఇరవై రెండేళ్ల వయసులో మెడికల్ స్కూలు దరఖాస్తులో చూపాల్సి వస్తుంది. ఆ దరఖాస్తులను స్వీకరించే అమ్‌కాస్, హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సుల ట్రాన్స్‌క్రిప్టులు కూడా అడుగుతుంది, ఆ గ్రేడ్లను జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుపుతుంది. పిల్లలను వైద్యవిద్యకు పంపాలనుకునే మనవారికి ఇది ముందుగా తెలిసి ఉండాలి.

మా అబ్బాయి పదో తరగతి తర్వాత వేసవిలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చరిత్ర కోర్సు తీసుకున్నాడు. మూడు క్రెడిట్లే కదా, సెలవుల్లో ఖాళీగా ఉంటాడు కదా అనుకున్నాం. మామూలు సెమిస్టరులో మూడు క్రెడిట్ల కోర్సుకు వారానికి 3 గంటల తరగతి ఉంటుంది, దానికి రెట్టింపు ఇంటి చదువు ఉంటుందని కాలేజీలు లెక్కవేస్తాయి. 16 వారాల ఆ కోర్సును 6 వారాల్లోకి కుదిస్తే వారానికి 8 గంటల తరగతి, 16 గంటల చదువు అవుతుంది. ఈ గుణకారం మేము చేసుకోలేదు. మూడో వారంలో మొదటి పరీక్ష మార్కులు వచ్చేసరికి, ట్రాన్స్‌క్రిప్టులో ఏ గుర్తూ పడకుండా కోర్సు వదులుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది, మధ్యలో మానుకున్నట్టు చూపే డబ్ల్యూ గుర్తుతో వదులుకునే గడువు కూడా ముందురోజే ముగిసింది. ఆ రెండు తేదీలూ కాలేజీ క్యాలెండరులో మొదటి రోజు నుంచీ ఉన్నాయి, మేమే చూడలేదు. అందుకే చెబుతున్నాను: చేరిన రోజునే ఆ రెండు తేదీలను ఇంట్లో గోడ మీది క్యాలెండరులో రాయండి. మొదటి ఎసైన్‌మెంటు మార్కులు మొదటి తేదీకి ముందు వస్తాయో లేదో సిలబస్‌లో చూడండి. వేసవి కోర్సుల్లో ఇవి రోజుల తేడాలో వస్తాయి.

ఇక్కడే మరో చిక్కు ఉంది. ఫెర్పా అనే చట్టం ప్రకారం, విద్యార్థి వయసు ఎంతైనా, కాలేజీలో నమోదైతే ఆ కాలేజీ రికార్డుల మీద హక్కులు విద్యార్థివే అవుతాయి. హైస్కూలు పోర్టల్‌లో రోజూ మార్కులు చూసుకునే అలవాటున్న తల్లిదండ్రులకు ఇక్కడ ఏమీ కనిపించదు. ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాస్తే మీ అబ్బాయినే రాయమనండి అని మర్యాదగా జవాబు వస్తుంది. కాబట్టి ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులను కలిసే వేళలకు) తానే వెళ్లి అడగగలిగిన పిల్లలే ఈ దారికి సిద్ధంగా ఉన్నట్టు. మార్కులకంటే ముందు చూడాల్సిన అర్హత అదే అని నా నమ్మకం.

ఖర్చు సంగతి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ బడుల విద్యార్థులకు ఈ కోర్సులకు ట్యూషన్ ఉండదు. ఒహాయోలో ప్రభుత్వ కాలేజీ అయితే ట్యూషన్, పుస్తకాలు రెండూ విద్యార్థి మీద పడవు, కానీ ఫెయిలైతే ఆ ఖర్చును డిస్ట్రిక్టు తిరిగి అడగవచ్చు. వాషింగ్టన్‌లో ట్యూషన్ లేకున్నా పుస్తకాలు, ఇతర రుసుములు మనవే. హెచ్-4 వీసా (అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు చదువుకోవడానికి విడిగా విద్యార్థి వీసా అక్కర్లేదు గానీ, వారిని రాష్ట్ర నివాసులుగా లెక్కించి ఈ మినహాయింపులు ఇస్తారా లేదా అన్నది ఆయా రాష్ట్రాల నిబంధనలను బట్టి మారుతుంది. దరఖాస్తుకు ముందే అడ్మిషన్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇక ఈ క్రెడిట్లు ఎక్కడికి బదిలీ అవుతాయి అన్నది అసలు ప్రశ్న. అదే రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దారి చాలావరకు సాఫీగా ఉంటుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ ఒకే కోర్సు సంఖ్యల పద్ధతి ఉంది. టెక్సస్‌లో 42 క్రెడిట్ల కోర్ కరికులమ్ (అన్ని డిగ్రీలకూ ఉమ్మడిగా ఉండే కోర్సులు) పూర్తిచేస్తే మరో ప్రభుత్వ కాలేజీ దాన్ని మొత్తంగా అంగీకరించాలి. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే సైటులో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ విశ్వవిద్యాలయ కోర్సుకు సమానమో చూసుకోవచ్చు. రాష్ట్రం దాటితే, ప్రైవేటు కాలేజీకి వెళితే, ఈ భరోసా ఉండదు. హైస్కూలు పట్టాకు అవసరమైన కోర్సుగా లెక్కలోకి వచ్చినదానికి మళ్లీ తాము క్రెడిట్ ఇవ్వబోమనే కాలేజీలున్నాయి. హైస్కూలు గదిలో చెప్పిన కాలేజీ కోర్సును ఒప్పుకోనివీ ఉన్నాయి. కాబట్టి రాష్ట్రం బయటి కాలేజీలు మనసులో ఉన్నవారికి ఏపీ మేలు, సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం దాదాపు ఖాయమనుకున్నవారికి డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ మేలు. హైస్కూల్లో పాఠం అయిపోయి, ఇంకా ముందుకు వెళ్లాలని తపించే పిల్లల విషయం వేరు. పదకొండో తరగతిలోనే కాలిక్యులస్ బీసీ పూర్తిచేసిన విద్యార్థికి మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా చాలాచోట్ల దొరికేది కమ్యూనిటీ కాలేజీలోనే.

ఏ కోర్సు తీసుకున్నా దాని సిలబస్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి, ముఖ్యమైన అసైన్‌మెంట్లనూ దాచుకోండి. మూడేళ్ల తర్వాత ఒక విశ్వవిద్యాలయ విభాగం ఈ కోర్సులో ఏం చెప్పారో చూపించండి అని అడిగినప్పుడు, పాఠ్యపుస్తకం పేరుతో సహా వారంవారం పాఠాల పట్టిక ఉన్న ఆ కాగితమే క్రెడిట్ తెచ్చిపెడుతుంది.

ఎన్ని తీసుకోవాలి

ఇన్ని అని చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే బడిలో 25 ఏపీలున్న చోట నాలుగు తీసుకోవడం, ఐదే ఉన్న చోట నాలుగు తీసుకోవడం ఒకటి కాదు. అడ్మిషన్ అధికారులు విద్యార్థిని తన బడిలో దొరికినదానితోనే పోల్చి చూస్తారు. లెక్క మాత్రం ఇలా వేయవచ్చు: ఒక్కో ఏపీకి ఇంటి దగ్గర వారానికి నాలుగైదు గంటలు అనుకుని, మిగతా కోర్సుల హోంవర్క్, సంగీతమో ఆటలో ఏదున్నా దాని సమయం, రాత్రికి ఎనిమిది గంటల నిద్ర కలిపి వారాన్ని కాగితం మీద గీయండి. గీతలు పట్టకపోతే ఒకటి తీసేయండి. పదో తరగతిలో ఒకటితో మొదలుపెట్టి, అది ఎలా సాగిందో చూసి పదకొండులో పెంచడం చాలామందికి నప్పుతుంది.

కాలక్రమం కూడా చూసుకోవాలి. స్కోర్లు జులైలో వస్తాయి, కాలేజీ దరఖాస్తులు పన్నెండో తరగతి శరదృతువులో పంపుతాము. కాబట్టి దరఖాస్తులో రాయగలిగినవి పదకొండో తరగతి వరకు రాసిన స్కోర్లే. పన్నెండులో తీసుకున్నవి కోర్సు పేరుగా, తర్వాత క్రెడిట్‌గా ఉపయోగపడతాయి. మేజర్‌కు దగ్గరైన సబ్జెక్టులను పదకొండు ముగిసేలోగా పూర్తిచేయడానికి వీలైతే ఆ స్కోరు దరఖాస్తులో మాట్లాడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే పది, పదకొండు తరగతుల్లో తీసుకున్న ఏపీ, కాలేజీ కోర్సులకు జీపీఏలో అదనపు పాయింట్లు ఇస్తుంది గానీ 8 సెమిస్టర్ల దగ్గర ఆపేస్తుంది. ఆపైన తీసుకున్నవి ఆ లెక్కలోకి రావు.

స్కోరు వచ్చాక

ఏటా ఒక కాలేజీకి స్కోర్లను ఉచితంగా పంపవచ్చు, దానికి గడువు సాధారణంగా జూన్ 20. చేరబోయే కాలేజీ ఖరారైన పన్నెండో తరగతి విద్యార్థులు ఈ అవకాశాన్ని వదులుకోకూడదు. ఒక్కసారి పంపితే, ఆపివేయించినవి, రద్దు చేసినవి తప్ప ఇంతవరకు రాసిన స్కోర్లన్నీ కలిసి వెళ్తాయి. కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మాత్రం దానంతట అది వెళ్లదు. హైస్కూలు ట్రాన్స్‌క్రిప్టులో ఆ కోర్సు కనిపించినా సరే, కమ్యూనిటీ కాలేజీ నుంచి విడిగా అధికారిక ప్రతి పంపించాలి.

వచ్చిన క్రెడిట్ వాడుకోవాలా వద్దా అన్నది చివరి నిర్ణయం, దీన్ని తొందరపడి తీసుకోకూడదు. వైద్యవిద్యకు వెళ్లేవారు బయాలజీ, కెమిస్ట్రీ వంటి ముందస్తు కోర్సుల్లో ఏపీ క్రెడిట్‌ను కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవని గుర్తుంచుకుని, ఆ కోర్సు కాలేజీలో తీసుకోవడమో, అదే శాఖలో పై కోర్సు తీసుకోవడమో చేయాలి. ఫెడరల్ ఆర్థిక సహాయం తీసుకునే కుటుంబాలు, హైస్కూల్లో సంపాదించి కాలేజీ స్వీకరించిన క్రెడిట్లు కూడా డిగ్రీ పురోగతి లెక్కలో చేరతాయని ఆర్థిక సహాయ కార్యాలయంతో మాట్లాడి తెలుసుకోవాలి. ఇంజినీరింగు విద్యార్థులు కాలిక్యులస్‌లో ఒక మెట్టు దాటి పైన కూర్చోబోయే ముందు, ఆ విశ్వవిద్యాలయ గణిత విభాగం పెట్టిన పాత ఫైనల్ పరీక్ష ఒకటి దొరికితే వేసవిలో గడియారం పెట్టుకుని రాసి చూసుకోవాలి. మా అమ్మాయి అలాగే చేసింది. శ్రేణుల మీద వచ్చిన రెండు ప్రశ్నలు తప్ప మిగతావన్నీ చేయగలిగింది. రెండు వారాలు ఆ ఒక్క అధ్యాయం మళ్లీ చదివి, నేరుగా మూడో కాలిక్యులస్‌లో చేరింది.

ఓరియంటేషన్ చాలాచోట్ల జూన్‌లోనో జులై మొదటి వారంలోనో ఉంటుంది, అప్పటికి ఆ ఏటి స్కోర్లు కాలేజీకి చేరి ఉండవు. అడ్వైజర్ తన తెర మీద కనిపించినదాన్ని బట్టే కోర్సులు నమోదు చేస్తాడు. అందుచేత వెళ్లేటప్పుడు పాత స్కోర్ల కాగితం, ఆ కాలేజీ పట్టిక ప్రతి, ఈ ఏడాది రాసిన పరీక్షల జాబితా చేతిలో ఉంచుకుని, స్కోరు వచ్చాక ఏ కోర్సు మార్చుకోవాలో, ఆ మార్పుకు చివరి తేదీ ఏదో అక్కడే అడిగి రాసుకోవాలి.